గవర్రాజు గొంతు, నా కడుపుమంట

నేను ఒక హార్మోనియం పెట్టెను. కలకత్తాలో టేకుచెక్కతో, ఇత్తడి రీడ్లతో తయారై, ఓడెక్కి కాకినాడ వచ్చాను. నన్ను కొన్నది బాలుర నాటక కంపెనీ. అందులో రాజు, రాణి, ముని అందరూ పద్నాలుగేళ్ల లోపు పిల్లలే. నన్ను వాయించేది పేరిశాస్త్రి గారు.

రాణి వేషం గవర్రాజుది. వాడు పద్యం ఎత్తుకుంటే చాలు, జనం ‘వన్స్ మోర్’ అని ఒకటే గోల. ముందుగా శ్రుతి ఇచ్చేది నేను, వాడు ఊపిరి తీసుకుంటుంటే రాగం మోసేది నేను. పతకాలు మాత్రం వాడి పైటకు గుచ్చేవారు. చెక్కపెట్టెకు కడుపుమంటేమిటని నవ్వకండి. నా ఊపిరితిత్తి ఉన్నదే కడుపులో.

పదమూడో ఏట వాడి గొంతు బొంగురుపోసాగింది. గొంతు మారిన పిల్లవాడికి చీర విప్పించి తెర లాగే పని ఇవ్వడం కంపెనీ ఆచారం. నాకు లోలోపల పండగే. కానీ శాస్త్రి గారు ఎవరికీ చెప్పకుండా శ్రుతి అర మెట్టు దించారు. నెల తిరక్కుండా మరో అర. యజమాని భూషణం గారికి అనుమానం వచ్చింది.

“ఏమండీ శాస్త్రిగారూ, పాట నేలమీద పాకుతోందేం?”

“వానలకు పెట్టె చెమ్మెక్కిందండి. దాని గొంతే దిగింది.”

వాడి లోపం తెచ్చి నా నెత్తిన రుద్దారు.

పిఠాపురం ఆటలో పద్యం మధ్య వాడి గొంతు నిలువునా చీలింది. శాస్త్రి గారు మిగతా పద్యమంతా నాచేతే పాడించారు. వాడు పెదవులు కదుపుతూ ఏడ్చాడు. రాణి దుఃఖమనుకుని జనం ‘వన్స్ మోర్’ అన్నారు. పాడింది నేను, మెప్పు వాడి కన్నీళ్లకు.

భూషణం గారు మాత్రం మోసపోలేదు. మర్నాడే చీర కోటిలింగం అనే కొత్త పిల్లవాడికి కట్టారు. శాస్త్రి గారు యజమానిని బతిమాలి గవర్రాజుకు నన్ను వాయించడం నేర్పారు. ఏడాదికి ఆయన వేళ్లు వణకడం మొదలై, వాడే నా ముందు కూర్చున్నాడు.

ఆ ఏడే కోటిలింగం గొంతూ మారింది. ఆట మొదలయ్యే ముందు వచ్చి గవర్రాజు చెవిలో అన్నాడు.

“అన్నా, ఇవాళ కాస్త దించి పట్టవూ?”

తెర లేచింది. గవర్రాజు వేలు తను ఒకప్పుడు పాడిన పై మెట్టు మీదే ఆగింది. ఆ వేలిలో కాలుతున్నది ఏమిటో నాకు కొత్త కాదు. నొక్కు, నొక్కేయ్ అనుకున్నాను.

వాడు వేలు ఎత్తి, అర మెట్టు కిందికి జరిపాడు. కోటిలింగం హాయిగా పాడాడు.

ఆ వేలు నాదైతే జరిగేది కాదు.