నిండుగా తిరిగొచ్చిన డబ్బా

సాయంత్రం ఆరింటికి మా ఆయన చిరంజీవి డబ్బాల సంచులు తెచ్చి వంటగదిలో పడేస్తాడు. ముప్పై రెండు డబ్బాలు. బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులో ఉండే మనవాళ్ల కోసం తెల్లవారకముందే లేచి నేను వండి సర్దినవి. తోమడమూ నా పనే. "ఇంట్ల ఉండి జేసేదే గదా" అంటాడాయన. గల్ఫ్ అంటే దుబాయే అనుకునే మా అత్త జగిత్యాల నుంచి ఫోన్లో ఇంకోటి కలుపుతుంది: "దుబాయ్ పోయి గూడ వంటనేనా? అదేం పనే!" నాలుగేళ్లుగా ముఐథర్‌లోని ఈ ఒంటిగది వాటాలో ఆ రెండు మాటలు వింటూనే తోముతున్నాను. కానీ తోమే చేతులకు చాలా తెలుస్తాయి. ఎవరికి పంటినొప్పో, ఇంటిమీద బెంగతో ఎవరు సగం వదిలేశారో మూత తీస్తే చాలు.

పోయిన చలికాలం, ఆ క్యాంపులో ఉండే అంజి డబ్బా నిండుగా తిరిగొచ్చింది. మరునాడూ అంతే. మూడోరోజు ఉండబట్టలేక మా ఆయనతో అన్నాను.

"అంజి మూడు దినాల సంది తింటలేడు. ఒకసారి చూసి రా."

"నడుం నొప్పని గోలీలేసుకుంటున్నడు. పంటడు, లేస్తడు. నువ్వు డబ్బా కడుగు."

కడిగాను. పులిసిన పప్పు సింకులోకి వంచి, మూతమీద రాసిన పేరు, రూం నంబరు చెరిగిపోకుండా జాగ్రత్తగా కడిగాను. నాలుగోరోజు డబ్బా రానేలేదు. అంజి నిద్రలోనే పోయాడన్నారు. కాగితాల్లో గుండెపోటని రాశారు. ఆ క్యాంపు సూపర్‌వైజర్ మా ఆయనే. "గోలీల ముచ్చట నోట్లకెళ్లి రావద్దు, నా డ్యూటీ పోతది" అన్నాడు నాతో.

అప్పటినుంచి సింకు దగ్గర నిలబడితే వెనక ఎవరో ఉన్నట్టుంటుంది. తిరిగి చూడను. ముప్పై ఒక్క డబ్బాలు తోమాక కూడా చేతులు ఇంకొకదాని కోసం వెతుకుతాయి.

పక్కవాటాలో ఉండే అజ్రా నిజామాబాద్ పిల్ల, నర్సు; నన్ను అక్కా అన్నట్టు 'ఆపా' అంటుంది. డ్యూటీ లేని వేళల్లో నలుగురితో కలిసి క్యాంపులు తిరుగుతుంది. వాళ్ల ఫోన్లలో ఒక మ్యాప్ ఉంది. నొప్పికని మింగే మత్తు గోలీలు ఎక్కువై ఎవరు ఎక్కడ పడిపోయినా ఆ నిమిషంలోనే అక్కడ చుక్క వెలుగుతుంది. చుక్కలు పెరిగిన బ్లాకుకు ఆరోజే విరుగుడు మందు తీసుకుని వెళ్తారు, కూర్చుని మాట్లాడతారు.

"కానీ ఆపా, మనిషి పడిపోయినంకనే మాకు తెలుస్తది" అంది అజ్రా ఒకరోజు. "ముందుగాల తెలిస్తే ఎంత బాగుండు!"

"నాకు తెలుస్తది" అన్నాను. "ఎవరు తింటలేరో."

ఆ మ్యాప్‌లోకి వివరాలు పంపే ఫారం ఒకటి అజ్రా నా ఫోన్లో పెట్టింది. పేర్లొద్దు, బ్లాకు, రూం నంబరు చాలంది. "ఇది పోలీసులకు పోదు ఆపా, మాకే వస్తది." మా ఆయనకు చెప్పకుండా, రోజూ తోమేముందు ఏ రూం డబ్బా నిండుగా వచ్చిందో అందులో రాయడం మొదలుపెట్టాను.

పదకొండోరోజున, లస్మయ్య డబ్బా వరసగా రెండోసారి నిండుగా వచ్చింది. తడి చేతులైనా తుడుచుకోకుండా రాశాను. గంటలోపే అజ్రావాళ్లు ఆ గది తలుపు తట్టారు. పెదాలు నీలంగా మారి, పిలిస్తే పలకకుండా ఉన్నాడట. ముక్కులో ఆ మందు కొట్టి ఆస్పత్రికి చేర్చారు.

"బతికిండు ఆపా! నువ్వు రాసినందుకే బతికిండు!" ఫోన్లో అజ్రా ఏడ్చేసింది.

నేను సంతోషించాలి. వంటగది నేలమీద కూర్చుండిపోయాను. లస్మయ్య బతికాడంటే అంజి కూడా బతికేవాడు. ఇన్నాళ్లూ 'ఏమో' అనుకుంటూ దాని చాటున బతికాను. ఇక ఆ చాటు లేదు.

మా ఆయన రుసరుసలాడుతూ వచ్చాడు. "రూం నంబర్ ఎవలిచ్చిండ్రు వాళ్లకు?"

"నేనే."

"నీకెందుకే ఇవన్నీ? వండుడు నీ పని!"

ఫోన్ తీసి, పోయిన చలికాలపు తేదీ వెతికి, అంజి ఉన్న రూం నంబరు రాశాను. మూడురోజులు డబ్బా నిండుగా వచ్చిందని రాశాను. 'ఎవరికైనా చెప్పారా?' అన్న గడిలో, 'నా భర్తకు. ఆయనే క్యాంపు సూపర్‌వైజర్' అని రాశాను. నా భుజం మీదుగా చదువుతున్న ఆయన గొంతు సన్నబడింది.

"సునందా... అది తీసెయ్."

ఇంకొక గడి మిగిలింది. 'ఆ తర్వాత మీరు ఏం చేశారు?'

'డబ్బా కడిగాను' అని రాసి, పంపించాను.