412 గది కార్డు

ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అంటారు. మా హోటల్ చచ్చిందో బతికుందో ఎవరికీ తెలియదు గానీ, పదేళ్ళుగా ఆ మాట మీదే నడుస్తోంది. పేరు బెల్‌గ్రోవ్. కలకత్తాలో మైదానానికి ఎదురుగా ఉంటుంది. కుళాయి తిప్పితే మొదట పావు బకెట్టు టీ రంగు నీళ్ళు వస్తాయి. వెండి చెంచాల మీద వెండి పోయి ఇత్తడి బయటపడింది. లిఫ్టు ఎక్కిన ప్రతివాడూ దిగేదాకా దేవుణ్ణి తలుచుకుంటాడు. ఇంతా చేసి, బయట మా పేరు చెబితే మాత్రం, “అబ్బో, బెల్‌గ్రోవా!” అంటారు. పైన పటారం, లోన లొటారం.

ఆ పేరు నిలబెట్టింది కార్డులు. ఒక్కసారి మా దగ్గర దిగినవాళ్ళకి ఎన్ని దిండ్లు కావాలి, చేపలో తల తింటారా తోక తింటారా, మంచానికి ఏ పక్క పడుకుంటారు, అన్నీ కార్డు మీద రాసి పెడతాం. ఇరవై ఏళ్ళకి తిరిగొచ్చినా అడక్కుండానే అమరుస్తాం. ‘బెల్‌గ్రోవ్ మరిచిపోదు’ అని సబ్బు మీద కూడా అచ్చు వేయించుకున్నాం. రెండో గొప్ప ఏమిటంటే, మేము అతిథికి ‘లేదు’, ‘కుదరదు’ అని చెప్పం. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మాకు నేర్పేది ఇది. ఏమడిగినా, “ఇప్పుడే మేడమ్,” “ఇప్పుడే సార్,” అని నవ్వి వెళ్ళిపోవాలి. అయ్యే పనైతే అవుతుంది, కాకపోతే తిరిగి ఆ పక్కకి వెళ్ళం. రెండోసారి అడిగితే ఇంకొకడు వచ్చి, “ఇప్పుడే,” అంటాడు. మూడోసారి అడగడానికి పెద్దమనుషులకి మొహమాటం అడ్డొస్తుంది.

నా పేరు భూదేవ్ సాంత్రా. నాలుగో అంతస్తు హెడ్ బేరర్ని. ముప్పై అయిదేళ్ళుగా అదే అంతస్తు, అదే వరండా, అదే స్టూలు. ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతాను. ఈ ఏడు నెలలూ గప్‌చిప్‌గా గడిచిపోతే చాలనుకుంటూ ఉండగా, జనవరి మొదటి వారంలో మా మేనేజరు బాగ్చీ నన్ను గదిలోకి పిలిచాడు. నా కొడుకు వయసువాడు, అయినా నన్ను ‘దాదా’, అంటే అన్నయ్యా అనే పిలుస్తాడు. మనిషి మంచివాడే, ఉత్సాహమే కాస్త ఎక్కువ.

“భూదేవ్ దా, మన పంట పండింది! చలిహా టీ కంపెనీ వజ్రోత్సవానికి చోటు వెతుకుతున్నారు. పది రోజులు, హోటల్ మొత్తం. వాళ్ళ మేడమ్ స్వయంగా వచ్చి చూస్తారట, బెల్‌గ్రోవ్ ఇంకా ఆ పాత బెల్‌గ్రోవేనా అని.”

“ఏ మేడమ్, సార్?”

“నిరుపమా చలిహా. భలేవారే, మీకు తెలీకపోవడమేంటి? వాళ్ళాయన రాసిన ఉత్తరమేగా ఆ గోడ మీదున్నది!”

ఆ ఉత్తరం నాకు తెలియనిది కాదు. అద్దం కట్టించి మరీ వేలాడదీశారు. ‘భూదేవ్ వంటి నమ్మకస్తుడు ఉన్నంత కాలం బెల్‌గ్రోవ్‌కు సాటి లేదు’ అని ఉంటుంది అందులో. ఆ ఒక్క ఉత్తరంతో ఇరవై నాలుగేళ్ళకే నలుగురు సీనియర్ల నెత్తి మీదుగా హెడ్ బేరర్నయ్యాను. ప్రతి కొత్త కుర్రాణ్ణీ దాని ముందు నిలబెట్టి చదివిస్తారు. నేను మాత్రం ఆ గోడ వైపు చూడను.

“సార్, మోకాళ్ళ నొప్పులు... ఆ రోజుకి ఇంకెవర్నైనా పెట్టండి.”

“మోకాళ్ళకి నూనె రాసుకోండి దాదా. మీరు లేకుండా ఎలా? ఇదిగో, కార్డు కూడా దొరికింది.”

అంచులు పసుపెక్కిన కార్డు అది. అక్షరాలు నావే. బాగ్చీ దాన్ని మంత్రంలా పైకి చదివాడు. మేడమ్‌కు చక్కెర పడదు, టీలో వేయకూడదు. చలిగాలి పడదు, కిటికీ మూసి ఉంచాలి. తలనొప్పి వస్తుంది, ఫోన్ కలపకూడదు. ఒంటరిగా బయటికి వెళ్ళరు, బయల్దేరితే సాబ్‌కు తెలియజేయాలి.

“చివరిది అక్కర్లేదు, ఆయన పోయి రెండేళ్ళయింది. మిగతావన్నీ అచ్చం కార్డు ప్రకారమే జరగాలి. ముప్పై మూడేళ్ళ తర్వాత కూడా మనకి గుర్తున్నాయని ఆవిడకి కళ్ళనీళ్ళు రావాలి దాదా!”

అవి ఆవిడ ఇష్టాలు కావు సార్, ఆయనవి అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ ఆ ముక్క చెబితే తర్వాతిది కూడా చెప్పాలి. కార్డు తీసుకుని జేబులో పెట్టుకున్నాను. హోటల్ మునుగుతుందో తేలుతుందో నాకు పట్టలేదు. ఆవిడ నన్ను గుర్తుపడుతుందా అన్నదొక్కటే నా భయం.

ఆ జనవరి నాకు నిన్నటిలా గుర్తుంది. చలిహా సాబ్ అస్సాం నుంచి టీ వేలంపాటలకి మూడు వారాలు వచ్చేవాడు. ఆ ఏడు భార్యని తీసుకొచ్చాడు. గొంతు ఎత్తి మాట్లాడడం నేను ఎన్నడూ వినలేదు. “మా ఆవిడ ఆరోగ్యం సున్నితం, కాస్త కనిపెట్టి ఉండాలి,” అంటూ పక్కన కూర్చుని కార్డు రాయించాడు. మర్నాడు మరమ్మతులవాణ్ణి పిలిపించి 412 గది కిటికీ రెక్కలకి మరలు బిగింపించాడు. చలి కదా అనుకున్నాను.

ఆవిడ జబ్బు మనిషి కాదని మొదటి వారంలోనే తెలిసిపోయింది. జబ్బు మనిషి పొద్దస్తమానం అద్దం వెనక నిలబడి ట్రాములు లెక్కపెట్టదు. నన్ను ‘భాయిటీ’ అనేది, వాళ్ళ వైపు తమ్ముణ్ణి పిలిచే పిలుపు. “భాయిటీ, కాస్త చక్కెర తెచ్చిపెట్టవూ?” “ఇప్పుడే మేడమ్.” “భాయిటీ, కిటికీ తియ్యవూ, ఊపిరాడ్డం లేదు.” “ఇప్పుడే మేడమ్.” వాళ్ళు వచ్చిన పదిహేనో రోజు, సాబ్ కింద హాల్లో దళారులతో కూర్చుని ఉన్నాడు. లిఫ్టూ మెట్లూ రెండూ కనపడేలా ఉండే కుర్చీ ఆయనది. ఆవిడ చిన్న గుడ్డసంచీతో వరండాలోకి వచ్చింది. చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుంది.

“భాయిటీ, కిందికి వేరే దారి ఏదైనా ఉందా?”

ఉంది. నా స్టూలు వెనకే ఉంది. గోడకి అంటించిన పూల కాగితమే ఆ తలుపుకీ అంటించారు, అతిథుల కంటికి ఆనకూడదని. దుప్పట్లు, మంచుగడ్డలు, మేమూ అందరం ఆ వెనక మెట్ల మీదే తిరుగుతాం. దిగితే నేరుగా ట్రామ్ స్టాప్ సందు.

“ఇప్పుడే కనుక్కుని వస్తాను మేడమ్,” అన్నాను. టీ కాచే గదిలోకి వెళ్ళి కింద హాలుకి ఫోన్ చేశాను. కార్డు మీద అలా ఉంది కాబట్టి చేశానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నేను దారి కనుక్కుని వస్తానని నమ్మి ఆవిడ అక్కడే, ఆ తలుపు ముందే నిలబడి ఉంది. లిఫ్టు వచ్చింది. అందులోంచి సాబ్ దిగాడు. “పద నిరూ, చలిగా ఉంది,” అన్నాడు, అంతే. ఆవిడ నా వైపు ఒక్కసారి చూసి గదిలోకి వెళ్ళిపోయింది. రెండు రోజుల్లో గది ఖాళీ చేసి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. ఉత్తరం మాత్రం వచ్చింది.

ఆవిడ వచ్చే రోజు ఉతికిన తెల్లకోటు వేసుకున్నాను. లిఫ్టు నడిపే పంచానన్ ఎగాదిగా చూశాడు. “ఏంటి దాదా, పెళ్ళికొడుకులా తయారయ్యావు? మొహం మాత్రం కోతకెళ్ళే మేకలా ఉంది!”

“నోరుమూసుకుని నీ డబ్బా చూసుకోరా, మధ్యలో ఆగిందంటే చంపుతాను,” అన్నాను.

ఆగలేదు. పదకొండింటికి ఆవిడ ఒక్కతే దిగింది. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, చేతిలో కర్ర, భుజానికి సంచీ. నన్ను చూసి తల ఊపింది, ఊరికే. బతికానురా భగవంతుడా అనుకుంటూ 412 తలుపు తీశాను. లోపల కార్డు మీదున్నదంతా ఉన్నది ఉన్నట్టు అమర్చి ఉంది. చేతిలో సెల్‌ఫోన్ ఉన్న మనిషికి గదిలో ఫోన్ తీగ పీకించి పెట్టాడు మా బాగ్చీ. ఆవిడ ఊడిన తీగనీ, మూసిన కిటికీనీ, టీ పళ్ళాన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి కూర్చుంది.

“చక్కెర ఏదీ?”

“ఇప్పుడే మేడమ్.”

అలవాటైన నోరు, నేను ఆపేలోపే అనేసింది. వరండాలోకి వచ్చాక అర్థమైంది, ఇప్పుడు నిజంగానే తేవచ్చని. పరుగున వెళ్ళి గిన్నె నిండా తెచ్చాను. ఆవిడ నాలుగు చెంచాలు వేసుకుని, కలుపుకుని, మెల్లగా సగం తాగింది.

“కిటికీ తియ్యి.”

లాగాను. కదల్లేదు. ముప్పై మూడేళ్ళలో ఎన్నిసార్లు రంగు వేశారో, ఆ మరలు రంగు కింద మొటిమల్లా ఉన్నాయి గానీ ఎవరూ తియ్యలేదు. ఏసీలు వచ్చాక కిటికీలతో ఎవరికి పని?

“మరమ్మతులవాణ్ణి ఇప్పుడే...”

“అప్పుడూ అలాగే అన్నావు,” అంది ఆవిడ.

నా చేతులు కిటికీ మీదే ఉండిపోయాయి. వెనక్కి తిరిగే ధైర్యం లేక ఆ అద్దంలోంచి మైదానం చూస్తూ నిలబడ్డాను. గది నిండా మూసిన గాలి. ఆ గదిలో ఊపిరాడకపోవడం అంటే ఏమిటో ఇన్నేళ్ళకి నాకు తెలిసింది.

“మీ హోటల్ పాడైపోయిందని అందరూ చెప్పారు,” అంది ఆవిడ, ఎవరితోనో పిచ్చాపాటీ మాట్లాడుతున్నట్టు. “నీళ్ళు ఎర్రగా వస్తాయి, లిఫ్టు మూలుగుతుంది, వెళ్ళొద్దన్నారు. ఎందుకంటారో అలాగ! నాకేం తేడా కనపళ్ళేదు. మరిచిపోమని సబ్బు మీద రాసుకున్నారుగా, ఏం గుర్తుందో చూసిపోదామని వచ్చాను. అంతా గుర్తుంది మీకు.”

“మేడమ్...”

“మా అక్క ఆ రోజు ట్రామ్ స్టాప్‌లో చీకటిపడేదాకా నిలబడిందట. ఇప్పుడు లేదులే. మా తోట బంగళాకి ఇరవై రెండు కిటికీలు. ముప్పై ఒక్క ఏళ్ళు వాటి వెనకే ఉన్నాను, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.” కప్పు పళ్ళెంలో పెట్టి, కర్ర ఊతంగా లేచి, సంచీ భుజాన వేసుకుంది. “కింద మీ మేనేజరు పూలగుత్తులతో, ఫోటోలవాడితో నిలబడ్డాడు. గది చూసి దిగాక ఫోటోలట.”

వరండాలోకి వచ్చి లిఫ్టు వైపు రెండడుగులు వేసి ఆగింది. నా వైపు తిరిగింది.

“భాయిటీ, కిందికి వేరే దారి ఏదైనా ఉందా?”

ఒక్క అక్షరం మారలేదు. నాలుక చివర ‘ఇప్పుడే’ సిద్ధంగా ఉంది. మింగేశాను.

“ఉంది మేడమ్.”

స్టూలు పక్కకి జరిపి గోడని తోశాను. పూల కాగితం నిలువునా తెరుచుకుంది. గంజీ, సబ్బూ, చేపల పులుసూ కలిసిన వాసన వచ్చింది. ఆవిడ చాలాసేపు ఆ తలుపునే చూసింది. తర్వాత కర్ర చాపి, కొన తలుపుకి ఆనించింది. తాను ఆ రోజు నిలబడిన చోటు నుంచి కర్ర అందింది.

“అప్పుడూ ఉందా ఇది?”

తర్వాత కట్టారు మేడమ్ అంటే అయిపోయేది. ఎవరు వెళ్ళి చూస్తారు?

“అప్పుడూ ఉంది. నా వెనకే ఉంది.”

“గొళ్ళెం?”

“వెయ్యం మేడమ్. ఎప్పుడూ వెయ్యలేదు.”

ఆవిడ కర్ర వెనక్కి తీసుకుంది. తిట్టినా బాగుండేది. కర్రతో ఒక్కటి వేసినా తల వంచుకుని తినేవాణ్ణి. సంచీ అందుకోబోయాను.

“వద్దు. నువ్విక్కడే ఉండు,” అంది.

డెబ్బై ఎనిమిది మెట్లు. ఒక్కొక్క మెట్టు మీద కర్ర చప్పుడు, తర్వాత అడుగు చప్పుడు. రెండుసార్లు ఆగింది, ఆయాసానికి కాబోలు. నేను గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నాను. కింద తలుపు తెరుచుకున్న చప్పుడు, ఆ వెంటే వీధి మోత వినిపించాయి. అప్పటికిగానీ నాకు ఏడుపు రాలేదు.

అరగంటకి బాగ్చీ పైకి వచ్చాడు. చేతిలో పూలు అలాగే ఉన్నాయి.

“మేడమ్ ఏరీ?”

“వెళ్ళిపోయారు సార్.”

“ఎట్నుంచి? నేను లిఫ్టు ముందే ఉన్నానే! ఇప్పుడే వాళ్ళ ఆఫీసు నుంచి ఫోను, వజ్రోత్సవం ఇక్కడ చేయరట.” ఖాళీ గదిలోకి తొంగి చూశాడు. చక్కెర గిన్నె, సగం తాగిన టీ. పాపం, మొహం పాలిపోయింది. “ఏం లోపం జరిగింది దాదా? ఎక్కడ తక్కువ చేశాం?”

జేబులోంచి కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాను.

“ఏ లోపమూ లేదు సార్. అంతా కార్డు ప్రకారమే చేశాం.”