బురుజు దాటిన పడవ

ఇటలీ తీరంలో మా చేతారా ఊళ్ళో మగవాళ్ళు చేపల వేటకెళ్ళిన ఇంట్లో గడియారం చూసి ఎసట్లో స్పగెట్టి వెయ్యరు. పడవ బురుజు దాటి రేవులోకి తిరిగినప్పుడు వేస్తారు. మనిషి తాడు కట్టి, కాళ్ళు కడుక్కుని, మెట్లెక్కి వచ్చేసరికి అది ఉడుకుతుంది. బాల్కనీలోంచి పడవని చూసి చెప్పడం నా పని. నేను వేట మానేసిన దగ్గర్నుంచి నాకున్న పని అదొక్కటే.

ఆ రోజు నైరుతి గాలి లేచింది. పడవలన్నీ ఒకటొకటిగా వచ్చేశాయి. మధ్యాహ్నమైనా మా అబ్బాయి కోస్తాబిలే పడవా, వాడి స్నేహితుడు అనియెల్లో పడవా రాలేదు.

కోడలు త్రోఫిమేనా ఎప్పుడో ఎసరు పెట్టింది. నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి. మళ్ళీ పోసింది. పెద్ద గిన్నెలో నెత్తళ్ళ చేపల ఊట, ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఎండుమిరప కలిపి పెట్టింది. మూత తీసి చూసింది. మళ్ళీ పెట్టింది. ఉప్పేసిన నెత్తళ్ళ పీపాలోంచి కారిన ఊట అది, అందుకని మేం ఎసట్లో ఉప్పు వెయ్యం. ఆమె ఉప్పు డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

"అదెందుకమ్మా?" అన్నాను.

"ఏమో మావయ్యా. చేతికొచ్చింది." పక్కన పెట్టేసింది.

నేను బాల్కనీలోకీ లోపలికీ తిరుగుతున్నాను.

"కాస్త కూచోరాదూ? మీరు తిరుగుతుంటే నాకు పొయ్యి మీద ధ్యాస నిలవడం లేదు."

కూచున్నాను. లేచాను.

"పోనీ మనిద్దరికీ వేసెయ్," అన్నాను.

"ముగ్గురికి తీసిపెట్టాను. ఇద్దరికి వెయ్యను." మంట తగ్గించింది. పెంచింది.

బురుజు పక్కన నురుగులోంచి పడవ ముక్కు ఒకటి పైకి లేచింది. నీలం రంగు. మాది నీలమే.

"వెయ్యి," అన్నాను.

"చూశారా? సరిగ్గా చూశారా?"

"చూశాను."

మొత్తం వేసేసింది. పొద్దుట్నుంచి మొదటిసారి అప్పుడు నవ్వింది. "రానివ్వండి మీ అబ్బాయిని. ఇవాళ ఊట బదులు సముద్రం నీళ్ళు కలిపి పెడతాను."

పడవ దగ్గరికొచ్చింది. దాని గది కప్పు ఎర్రగా ఉంది. మా దానికి ఎరుపు లేదు. అది అనియెల్లోది. లోపల ఆమె కలియబెడుతున్న చప్పుడు వినబడుతోంది.

"మనది కాదమ్మా."

గరిటె ఆగింది. ఆపితే అంటుకుపోతుంది. మళ్ళీ కలిపింది.

"తీసెయ్యనా?" అంది.

"ఎట్లా తీస్తావు?"

నన్ను తిట్టినా బాగుండేది. కాస్త ఎక్కువసేపే ఉంచి, వార్చి, ఊటలో కలిపి మూడు పళ్ళాల్లో వేసింది. ఎవరం కూచోలేదు. పళ్ళాల మీద ఆవిరి పోతోంది.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. త్రోఫిమేనా బల్ల అంచు పట్టుకుంది. అనియెల్లో నీళ్ళోడుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం మొహాలవి? ఉన్నాడమ్మా. ఇంజిన్ ఆగిపోయింది. పక్క రేవు సలెర్నో పడవొకటి తాడేసి అటు లాక్కుపోయింది. నేను చూశాను."

"రేవులోకి లాక్కెళ్ళిందా, రేవు వైపు లాక్కెళ్ళిందా?" అంది త్రోఫిమేనా.

అనియెల్లో కాళ్ళ కింద మడుగు చూసుకున్నాడు. "వైపు. దిగ్గానే కింద బారుకి ఫోన్ చేస్తాడులే."

ఆమె అతన్ని కోస్తాబిలే కుర్చీలో కూచోబెట్టింది. "తిను."

"ఇది మీ ఆయనది కదమ్మా."

"మెత్తబడితే ఆయన ముట్టడు. నువ్వు తిను."

తిన్నాడు. "మెత్తగానే ఉంది," అన్నాడు.

"అయినా తింటున్నావుగా."

మేమిద్దరం ముట్టలేదు. ఆమె బాల్కనీలోకెళ్ళి బారు గుమ్మం చూసి వచ్చేది. ఆమె రాగానే నేను వెళ్ళేవాణ్ణి. అనియెల్లో పళ్ళెం ఖాళీ చేసి, మా మధ్య ఏం చెయ్యాలో తెలియక రొట్టె తుంచుతూ కూచున్నాడు.

బారాయన వీధిలోకొచ్చి త్రోఫిమేనా పేరు పిలిచాడు. ఆమె చెప్పులు లేకుండానే పరిగెత్తింది. నేను వెనకాల మెట్లు దిగి వెళ్ళేసరికి ఫోన్ చెవికి పెట్టుకుని ఉంది. నన్ను చూసి ఫోన్ నా చేతిలో పెట్టి గోడకి ఆనుకుంది.

"నాన్నా," అన్నాడు.

"అక్కడ గాలి తగ్గిందా?" అన్నాను.

"లేదు నాన్నా."

"అయితే పడవ అక్కడే వదిలేసి బస్సులో రా," అన్నాను.