అరచేతి మీద నూలుపోగు

ఇట్ల రండి, కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. గొంతెత్తి చెప్పే కథ కాదిది. కూర్చున్నాక మీ అరచేతులు ఒకసారి తిప్పి చూసుకోండి. ఆ చేతులకు పని ఉందా? ఉంటే దేవుడికి ఒక దండం పెట్టుకొని వినండి. లేకపోతే ఇంకా దగ్గరికి రండి, ఈ కథ మీదే.

ఎమ్మిగనూరులో ఆ కాలాన మగ్గం మోత వినపడని వీధి లేదు. ఆ మోతలోనే పుట్టి పెరిగిన పసిబిడ్డలు మోత ఆగితే ఉలిక్కిపడి లేచేవాళ్ళు. అట్లాంటి వీధులు ఉన్నట్టుండి మూగబోయినాయి. ఎక్కడో యుద్ధమని నూలు రావడం నిలిచిపోయింది. దానికి తోడు వానలు తప్పినాయి. జొన్న మోకాలెత్తు లేవకముందే మాడిపోయింది. చీర కొనే సేద్యగాని చేతిలో గింజ లేదు, చీర నేసేవాని చేతిలో పోగు లేదు.

సర్కారు ఆదోని రోడ్డు మీద కరువుపని పెట్టింది. కంకర కొట్టే పని. కోసిగి పక్కనుంచి సేద్యగాళ్ళు, కూలోళ్ళు వచ్చినారు. వాళ్ళ పక్కనే, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని బతికిన నేతగాళ్ళు కూడా వచ్చి ఎండలో కూర్చున్నారు. వాళ్ళల్లో బసప్ప ఒకడు. వాని పెండ్లాం హనుమంతమ్మ. వాళ్ళకు సుంకులమ్మ అని ఒక్క కూతురు, సుంకీ అని పిలుచుకునేవాళ్ళు.

బసప్ప సన్ననూలు నేసేవాడు. పడుగులో పోగు తెగితే చూడకుండానే వేళ్ళతో తడిమి అతుకేసేవాడు. "ఏమమ్మీ, మీ ఆయనవి సేతులా, తమలపాకులా?" అని తోటి ఆడోళ్ళు హనుమంతమ్మను ఆటపట్టించేవాళ్ళు. ఆ చేతులు సుత్తి పట్టినాయి. బొబ్బలెక్కి, పగిలి, మళ్ళీ బొబ్బలెక్కి, చివరికి అరచెయ్యంతా కాయలు కాసి ఎండిన చెప్పుతోలు మాదిరి అయింది. కంకర గంపలెత్తి ఎత్తి హనుమంతమ్మ చేతులూ అట్లే అయినాయి. ఆమె తన చేతులను గురించి ఆలోచించలేదు. కడుపులోకి గంజి పోతాంది, అంతే చాలనుకుంది.

అట్లా ఒక ఎండాకాలం గడిచినాక, ఆదోని స్టేషన్లో నూలు బేళ్ళు దిగినాయని కబురు వచ్చింది. బండ్ల మీద ఎమ్మిగనూరుకు తెచ్చినారు. వీధి వీధంతా పండగైపోయింది. నూలు పంచేది వారానికొకసారి, బేస్తవారం అంటే గురువారం నాడు. మొదటి బేస్తవారం పొద్దున్నే నేతగాళ్ళంతా సావుకారి అంగడి ముందర చేరినారు.

నూలు కొంచెం, చేతులు చాపేవాళ్ళు లెక్కలేనంత మంది. అందుకని గుమాస్తా రామకృష్ణయ్య ఒక పద్ధతి పెట్టినాడు. వచ్చిన ప్రతివాణ్ణీ చెయ్యి చాపమనేవాడు. సన్నపోగు ఒకటి తీసి ఆ అరచేతి మీద పెట్టి మెల్లగా లాగేవాడు. జారితే నూలు. చిక్కుకుంటే ఇంటికి. చెడ్డవాడేం కాదు. కాయలు కాసిన చెయ్యి పడితే సన్ననూలు తెగి పోగులు పోగులవుతుందని అతని భయం. అదీ నిజమే.

బసప్ప చెయ్యి చాపినాడు. పోగు అరచేతి మధ్యకు కూడా రాలేదు, కాయకు తగులుకొని టప్పుమని తెగింది.

"ఇవి సుత్తి పట్టే చేతులైపోయినాయి బసప్పా. నేనేం చేసేది? వచ్చే బేస్తవారం చూద్దాం, పో," అన్నాడు గుమాస్తా.

ఆదెప్ప వీళ్ళ వీధివాడే. వానికి నూలు దొరికింది. ఎట్లనంటే, ఎవరో చుట్టాలు పెడుతుంటే తిని కంకరపనికి పోలేదు. ఆదెప్ప నూలు చంకన పెట్టుకొని నవ్వినాడు. "నూలు ఏంటికి మామా నీకు? ఆ సేతుల్తో ఒక గుడి కట్టుపో!"

అందరూ నవ్వినారు. బసప్ప కూడా నవ్వినాడు. హనుమంతమ్మ ఆ నవ్వు చూసింది. ఆ మనిషి అట్ల నవ్వడం అంతకుముందెప్పుడూ ఆమె చూడలేదు.

ఆ దినం నుంచి బసప్ప వీధిలో నడిస్తే చేతులు పంచెలో దాచుకొని నడిచేవాడు. ఎవరితోనూ మాట్లాడడు. ఒక పొద్దున హనుమంతమ్మ పెరట్లోకి పోతే, గోడ వెనకాల గొంతుకూర్చొని ఉన్నాడు. పగిలిన కుండపెంకు చేతిలో ఉంది. దాని అంచుతో అరచెయ్యి గీకుతాండాడు, గేదె తోలు గీకినట్టు.

"అయ్యో, రగతమొస్తాంది గదయ్యా!"

"రగతం ఆరిపోతాదిలే. నూలు మళ్ళ రాదు."

"ఎవురినన్నా అడుగుదాం పా. పెద్దోళ్ళు ఉండారు గదా."

"ఏమని అడిగేది? నా సేతులు పోయినాయి, బాగుసెయ్యండి అనా? ఊరికే ఉండు నువ్వు."

బేస్తవారం వచ్చింది. చేతులు నున్నగానే కనపడినాయి. ఎర్రగా, పొర ఊడిన ఉల్లిగడ్డ మాదిరి మెరుస్తాండినాయి. గుమాస్తా పోగు లాగినాడు. జారింది. జారి అవతల పక్కకు వచ్చేటప్పటికి ఎర్రగా వచ్చింది. తెల్లని పోగు, దాని మీద నెత్తురు.

"ఏమి మామా, మేకను కోసి వస్తివా?" అన్నాడు ఆదెప్ప వెనక నుంచి.

ఈసారి బసప్ప నవ్వలేదు. ఇంటికి వచ్చి పడుకున్నాడు. మరునాటికి చెయ్యి వాచింది. ఆ పైన జ్వరం వచ్చింది. ఇంకొన్నాళ్ళకు దవడ బిగుసుకొని నోరు తెరవలేకపోయినాడు. సుంకి నీళ్ళు తెచ్చి పోస్తే పెదాల మీద నుంచి కారిపోయినాయి. వీపు విల్లు మాదిరి వంగి లేచేది. ఆదోని ఆసుపత్రికి బండి మాట్లాడినారు కానీ, ఎద్దులు కట్టే లోపలే ప్రాణం పోయింది.

ఒక కుండపెంకు మనిషిని చంపింది అనుకుంటే అది తప్పు. ఎవరు చంపినారో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

ఊరు మంచిదే. ఊరికి దయ లేదని అనకండి. ఒకరు జొన్నపిండి తెచ్చినారు, ఒకరు గంజి తెచ్చినారు, ఒకామె పాతచీర ఇచ్చింది. కర్మాంతరం అయ్యేదాకా హనుమంతమ్మ ఇంట్లో పొయ్యి వెలిగించే పని పడలేదు. ఆ తరువాత ఒక్కొక్కరే రావడం మానుకున్నారు. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళ కుండల్లోనూ గింజలు అడుగంటినాయి.

కోసిగి నుంచి హనుమంతమ్మ అన్న గోవిందన్న వచ్చినాడు. ఆయన కూడా పెండ్లాం బిడ్డలతో దూరదేశం కూలికి పోయేదానికి సిద్ధమవుతాండాడు.

"సుంకిని ఆదోనిలో ఒక ఇంట్లో ఇడుస్తా. అంట్లు తోముకుంటాది, రొండు పూటలా కూడు పెడతారు. నువ్వు నాతో రా," అన్నాడు.

"మళ్ళెప్పుడు సూసేది అన్నా దాన్ని?"

"బతికుంటే సూస్తావు. ఈడుంటే ఇద్దరూ పోతారు. బేస్తవారాలు ఏమన్నా కడుపు నింపుతాయా మ్మా? వచ్చే నెల సంతనాటికి మళ్ళా వస్తా. తయారుగా ఉండండి."

సుంకి గడప మీద కూర్చొని ఇదంతా వింటాంది. ఏడవలేదు. "అమ్మా, నేను పోతాలే," అనింది. హనుమంతమ్మ లేచి వచ్చి గడప మీద ఆ బిడ్డ పక్కన కూర్చునింది.

అప్పుడొచ్చింది చౌడమ్మ. రెండు వీధుల అవతల ఉండే ముసలామె. మగ్గానికి కండెలు చుట్టి బతికే విధవరాలు. పలకరించకుండానే లోపలికి వచ్చి, చంకలోని మూటను కింద పడేసింది. మూటలో మేత మేసి వచ్చిన గొర్రెల వాసన.

"సేతులు సూపీ."

"ఏంటికవ్వా?"

"సూపీ అంటి గదా!"

హనుమంతమ్మ చాపింది. చౌడమ్మ ఆ అరచేతులను తన బొటనవేళ్ళతో నొక్కి నొక్కి చూసింది. "కాయ పైన ఉండాది, లోపల చెయ్యి బతికే ఉండాది. లే, ఈ ఉన్ని ఇడదీయి. గొర్రెలు కాసే కురువోళ్ళ ఇంట్లో తెచ్చినా. కంబళ్ళకు నూలు ఒడకాల, వాళ్ళు రాగులిస్తారు."

"నాకు సన్ననూలు కావాలవ్వా, ఈ ముతక ఉన్ని నేనేం సేసుకునేది?"

"పిచ్చిదానా, కడగని ఉన్నికి జిడ్డుంటాది. దినమంతా దాన్ని పట్టుకుంటే ఆ జిడ్డే నీ సేతులకు మందు. రాత్రికి ఆముదం రాసి, గుడ్డ సుట్టుకొని పండుకో. పొద్దున గోరువెచ్చని గంజినీళ్ళలో నాననీ. పెంకూ వద్దు, రాయీ వద్దు. సెయ్యి దానంతట అదే పొర ఇడుస్తాది. మునుపటి కరువులో మా ఆయన సేతులు ఇట్లనే తెచ్చుకుంటిమి."

చౌడమ్మ చెప్పి పోలేదు. అదే మీరు గమనించాల్సింది. ఆమె ఆడనే కూర్చునింది. ప్రతి దినమూ వచ్చి ఉన్ని విడదీయించింది, ఒడికించింది. చెయ్యి కొంచెం మెత్తబడినాక రాట్నం ముందర కూర్చోబెట్టి ముతకనూలు కండెలు చుట్టించింది. పోగు తెగితే తిట్టింది. "సచ్చినదానా, నూలు లాగకూడదు, పిలవాల!" అని మొట్టింది. ఇంటి పక్కన ఉన్నవాళ్ళు "ఏడాది తద్దినం కూడా కాలేదు, దానికి అప్పుడే రాట్నం ఏంటికి?" అని గొణిగితే, "మీరు దాని పొయ్యి మీద కుండ పెట్టండి, అది రాట్నం ఆపుతాది," అని వీధిలోకి వినపడేటట్టు అరిచింది.

ఒక మధ్యాహ్నం రాట్నం తిప్పుతూ తిప్పుతూ హనుమంతమ్మ చెయ్యి ఆగిపోయింది.

"అవ్వా, ఇంత తెలిసినదానివి. ఆయన ఉన్నప్పుడే ఏంటికి రాలేదు నువ్వు?"

చౌడమ్మ చేతిలోని కండె కింద పెట్టింది. "మీ ఆయన మా గడప ముందర నుంచే పోయేటోడు, సేతులు పంచెలో దాసుకొని. నాకు అర్థమాయ. అడిగితే సెప్దామని అనుకొంటి. వాడు సిగ్గుపడి అడగలా. వాడు అడగలేదు గదా అని నేను పోలా. మా ఇద్దరి మధ్యన మనిషి పోయినాడు."

ఇద్దరూ మళ్ళీ పనిలో పడినారు.

గోవిందన్న చెప్పిన సంతకు ముందు బేస్తవారం వచ్చింది. సంతనాడు ఆయన వస్తాడు, సుంకిని తీసుకొని పోతాడు. చౌడమ్మ హనుమంతమ్మ చెయ్యి పట్టుకొని అంగడికి నడిపించుకొని పోయింది. ఆమెను చూసి కొందరు పక్కకు తప్పుకున్నారు. గుమాస్తా ముఖం చిట్లించినాడు.

"పొద్దున్నే, అంగడి తెరవంగానే... మొదటి నూలు విధవ చేతికి ఎట్ల ఇచ్చేది చౌడమ్మా?"

"నూలుకేం తెలుసయ్యా, బొట్టు ఉండేదెవరో లేనిదెవరో? దానికి తెలిసేది గరుకూ నునుపే. పోగు లాగు. చిక్కుకుంటే మేమే పోతాం."

రామకృష్ణయ్య పోగు తీసినాడు. హనుమంతమ్మ కళ్ళు మూసుకునింది. మూసిన కళ్ళలో తెల్లపోగు ఎర్రగా కనపడింది. పోగు మణికట్టు దగ్గర నుంచి బయలుదేరి అరచెయ్యి దాటింది. చిటికెనవేలి మొదట్లో ఒక్కసారి తగులుకునింది. గుమాస్తా లాగలేదు. ఒక క్షణం ఆగి, చౌడమ్మ ముఖం చూసి, పోగును కొంచెం వదులు చేసినాడు. అది జారింది.

"సన్ననూలు ఇప్పుడే ఇవ్వను. ముతకనూలు కండెలకు ఇస్తా. బాగా చుట్టుకొస్తే చూద్దాం," అన్నాడు.

చిన్న కట్ట. దాని కూలి ఇద్దరికి దినానికి ఒక్కపూట కూడు, అంతే. కానీ ఆ సంతనాడు గోవిందన్న వచ్చి, సుంకి తల్లి పక్కన కూర్చొని కండెలు అందిస్తాండేది చూసి, తలకు రుమాలు చుట్టుకొని ఒక్కడే వెళ్ళిపోయినాడు. ఆ ఇంట్లో ఆకలి పోలేదు. బసప్ప తిరిగి రాలేదు. తల్లీ కూతుళ్ళు మాత్రం ఒక కప్పు కింద ఉన్నారు.

మరుసటి ఏడు నూలు మళ్ళీ కరువైంది. ఈసారి ఆదెప్పకు పెట్టే చుట్టాలు లేరు. వాడూ ఆదోని రోడ్డు మీద కంకర కొట్టినాడు. నూలు వచ్చిన వారం, హనుమంతమ్మ నీళ్ళకు పోతూ వాని ఇంటి పెరటి గోడ పక్కన నడుస్తాంది. గీకే చప్పుడు వినపడింది. ఆ చప్పుడు ఆమె ఎరుగును.

ఆదెప్ప గొంతుకూర్చొని ఉన్నాడు. చేతిలో కుండపెంకు.

హనుమంతమ్మ నిలబడలేదు. కొంతదూరం నడిచిపోయింది. మేకను కోసి వస్తివా అన్న నోరు అది. పోనీ, దేవుడు చూసుకుంటాడు అనుకుంది. ఇంకొన్ని అడుగులు వేసింది. మన మీద పడనిది మనకేంటికి అని ఒక మనసు. అదే మనసు మళ్ళీ, వాడు అడగలేదు గదా అనింది.

ఆ 'అడగలేదు' అన్న మాట దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయినాయి.

కడవ కింద పెట్టి వెనక్కి వచ్చింది. గోడ తిరిగి పెరట్లోకి పోయి, మాట్లాడకుండా ఆదెప్ప చేతిలోని పెంకు లాక్కునింది. వాడు తలెత్తి చూసి, ఆమెను గుర్తుపట్టి తలొంచుకున్నాడు. చేతులు పంచెలోకి పోయినాయి.

"సూపీ," అనింది హనుమంతమ్మ.

"నీకు నా ముఖం సూపించలేను అత్తా."

"ముఖం ఎవరు అడిగినారు? సేతులు సూపీ."

వాడు ఏడుస్తూ చాపినాడు. ఆమె పక్కన కూర్చొని ఆ గరుకుచేతులను తన ఒళ్ళో పెట్టుకొని, బొటనవేళ్ళతో నొక్కి చూసింది. పొద్దెక్కుతాంది. నీళ్ళ కడవ ఖాళీగా దారిలో ఉండిపోయింది.

"లోపల సెయ్యి బతికే ఉండాది," అనింది.

ఇదప్పా కథ. గంజి పోసే చెయ్యి పుణ్యం చేసుకుంటుంది, ఎవరూ కాదనరు. కానీ గంజి ఆ పూటకే. పని పోయినవానికి సిగ్గు మొదట వస్తుంది, ఆకలి తరువాత వస్తుంది. ఆ సిగ్గు వాని నోరు మూసేస్తుంది. వాడు అడగడు. అడగలేదని పని తెలిసినవాళ్ళు ఇంట్లో కూర్చుంటే, వాడు గోడ వెనకాల పెంకు పట్టుకుంటాడు. మీకు తెలిసింది కొంచెమే కానీండి, మీరే లేచి పోయి వాని పక్కన కూర్చోండి, వాని చెయ్యి పనికి అలవాటయ్యేదాకా లేవకండి. బసప్ప పేరు మరిచిపోవద్దు. పని లేనివాడు ఎవడన్నా మీ గడప ముందర చేతులు దాచుకొని పోతాంటే, వాన్ని పిలిచి కూర్చోబెట్టి, ముందు ఈ కథ చెప్పండి. ఆ పైన "సేతులు సూపీ" అనండి.