జీవమ్మ పేరు మీద కారు

ఆళ్లగడ్డలో జీవమ్మకు వితంతు పింఛను ఆగిపోయి ఏడు నెలలైంది. ఆమె పేరు మీద కారు ఉన్నట్టు కంప్యూటర్లో పడిందట. కారున్నవాళ్లకు పింఛను ఇవ్వరు. మిరపకాయలకు తొడిమలు తుంచే కూలికి పోయి బతికిన మనిషి. మోకాళ్లు పట్టేశాక పింఛనే ఆధారం. అందులోంచే ఏటా ఇంటి పన్ను కట్టేది.

పింఛను పోయిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కారు దాచిపెట్టుకుని పింఛను తిన్నదంటారేమోనని భయం. ఆదివారం చర్చిలో కూడా వెనక వరసలో కూర్చుని ముందుగా లేచి వచ్చేసేది.

బిల్లు కలెక్టర్ స్టీఫెన్ నోటీసు తెచ్చిన రోజు ఇక దాగలేదు. పది రోజుల్లో పన్ను బకాయి కట్టకపోతే కుళాయి తీసేస్తారని అందులో ఉంది. ఎన్నడూ బాకీ పడని అవ్వ ఎందుకు పడిందని అతను అరుగు మీద కూర్చుని నెమ్మదిగా అడిగాడు. ఆమె అంతా చెప్పేసింది. స్టీఫెన్ అక్కడే ఒక అర్జీ రాసి, సోమవారం నంద్యాల కలెక్టరాఫీసులో పెద్ద సారు అర్జీలు తీసుకుంటాడని చెప్పి, నోటీసు కూడా దానికే జత చేశాడు.

నంద్యాలలో వరస ఎండలోకి సాగింది. మధ్యాహ్నానికి ఆమె వంతు వచ్చింది. అధికారి తెర మీద నుంచి కళ్లు తీయకుండా, కారు ఉన్నట్టే చూపిస్తోందమ్మా అన్నాడు.

"ఉంటే యాడుందో సూపియ్యి సార్," అంది జీవమ్మ. "ఈ పొద్దే అమ్మి ఇంటి పన్ను కట్టేస్తా."

వెనక ఇద్దరు నవ్వారు. అధికారి నవ్వలేదు. తలెత్తి ఆమెను, అర్జీకి జత చేసిన నోటీసును చూశాడు. కుర్చీ వేయించి, బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. అరగంటలో తేలింది. కారు పాణ్యంలో మరో జీవమ్మది. పేరు ఒకటే కావడంతో ఆ కారుకు ఈమె ఆధార్ నంబరును ఎవరో పొరపాటున జత చేశారు. పింఛను తేలేదాకా కుళాయి జోలికి పోవద్దని అర్జీ అంచున రాసి సంతకం చేశాడు.

మూడో నెలలో పింఛను వచ్చింది. ఆగిన నెలలది మాత్రం రాలేదు. పన్ను మీద వడ్డీ కూడా పోలేదు. స్టీఫెన్ తన పైవాళ్లతో మాట్లాడి బకాయిని నాలుగు కంతులు చేయించాడు.

మొదటి కంతు కట్టి రసీదు తీసుకుంటూ ఆమె అడిగింది. "తప్పు వాళ్లు సేస్తే వడ్డీ నేను కట్టాల్నా నాయనా?"

స్టీఫెన్ రసీదు పుస్తకం మూసేశాడు. "కట్టకూడదవ్వా," అన్నాడు. సంచిలోంచి తెల్లకాగితం తీసి, ఆగిన నెలల పింఛను కోసం, వడ్డీ మాఫీ కోసం రెండో అర్జీ రాయడం మొదలుపెట్టాడు.

కాగితం కింద జీవమ్మ నిదానంగా సంతకం చేసింది. వచ్చే సోమవారం మొదటి బస్సుకే పోతానంది.