మిక్సీ దాచే వేళ

“మిక్సీ దాచావా?” అన్నాడు కీర్తిభాయ్ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ. “చేతికి ఆ పట్టీ కూడా తీసెయ్. ఫోటోల్లో బాగుండదు.”

దక్ష మిక్సీని బియ్యం డబ్బా వెనక్కి నెట్టి పాత దుప్పటి కప్పింది. మణికట్టుకు డాక్టరు వేసిన పట్టీ విప్పి కొంగున ముడేసుకుంది. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆమె భర్త పట్టుకున్న పని ఇది. అహ్మదాబాద్ పాతబస్తీ చూడ్డానికి వచ్చేవాళ్ళను పొద్దున్నే పోళ్ అనే పాత ఇళ్ళ వాడల సందుల్లో నడిపిస్తాడు. గాలిపటాల దుకాణం, పుస్తకాలు బైండు చేసే ముసలాయన కొట్టు, రసీలాబెన్ అరుగు మీద అప్పడాలు వత్తే ఆడవాళ్ళ సంఘం, అన్నీ అయ్యాక ఆఖరున సొంత ఇల్లు. చెక్క స్తంభాల నడుమ మండువాలో నేల మీద కూర్చుని దక్ష రాతిరోట్లో అల్లం, పచ్చిమిర్చి దంచుతూ ఉండాలి. వాళ్ళు వెళ్ళేదాకా ఆపకూడదు. నలిగిపోతే నలిగినదాన్నే మళ్ళీ దంచాలి.

ఆ రోలు అత్తగారిది. అదంటే ఆవిడకు అసహ్యం. మిక్సీ కొన్న రోజున, “నా రెక్కలు దీన్లోనే అరిగిపోయాయి, నువ్వైనా బతికిపోయావే కోడలా” అని, రోలును అటక ఎక్కించేదాకా ఊరుకోలేదు. ఆవిడ పోయాక కొడుకు దాన్ని కిందికి దించాడు. మా అమ్మ జ్ఞాపకం అని వచ్చినవాళ్ళకు చెబుతాడు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవకూడదని దక్షకు తెలుసు. ఆ పోట్లు చూడ్డానికి మనుషులను తోలుకొస్తారని మాత్రం పెద్దవాళ్ళెవరూ చెప్పలేదు.

పోయిన నెల రసీలాబెన్ అడిగింది. “మా దగ్గర ఒక పీట ఖాళీ అయింది, దక్షా. పొద్దున్నే వచ్చెయ్. చెయ్యి నొప్పైతే వత్తకులే, ఎండలో ఆరేద్దువుగాని. నోటికి నొప్పి లేదుగా, కబుర్లు చెబుదువు.” ఆ మాటకు దక్ష రెండు రోజులు తనలో తను నవ్వుకుంది. భర్తతో చెబితే ఆయన పేపరులోంచి తలెత్తకుండానే, “నువ్వక్కడ కూచుంటే ఇక్కడెవరు కూచుంటారు?” అన్నాడు. కోప్పడలేదు. కోప్పడితే ఆమె కూడా ఏదో ఒకటి అనేది. కుర్చీ అక్కణ్ణుంచి జరపకు అన్నట్టు మామూలుగా అన్నాడు. అందుకే ఏడుపొచ్చింది.

సందు చివరినుంచి ఆయన గొంతు వినిపించింది. రసీలా అరుగు దాకా వచ్చారన్నమాట.

“చూడండి, మా పోళ్ ఆడవాళ్ళు. ఎవరి మీదా ఆధారపడరు. తమ కాళ్ళ మీద తాము నిలబడ్డారు.”

చూడ్డానికి వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటే ఇదే కాబోలు అనుకుని దక్ష రోలు ముందు కూర్చుంది.

అందరూ లోపలికొచ్చి ఫోన్లు పైకెత్తారు. ఒకమ్మాయి మాత్రం వంగి, “రోజూ ఇందులోనే దంచుతారా ఆంటీ? చెయ్యి నొప్పి పుట్టదా?” అంది.

దక్ష నోరు తెరిచేలోపే కీర్తిభాయ్ అందుకున్నాడు. “అలవాటమ్మా. మా ఇంట్లో మిక్సీ అనేదే లేదు. ఆవిడకే ఇష్టం ఉండదు.”

ఆవిడకే ఇష్టం ఉండదు. చెల్లెలి ఇంట్లో నాలుగు రోజులుండడం ఆవిడకే ఇష్టం ఉండదు. ఉయ్యాలబల్లను గాలి తగిలేచోటికి జరపడం ఆవిడకే ఇష్టం ఉండదు. తనకు ఏవేవి ఇష్టం లేవో ఇన్నేళ్ళూ ఆయన నోటి వెంటే తెలుసుకుంది దక్ష.

చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. దుప్పటి తీసి, మిక్సీ తెచ్చి, స్తంభం దగ్గర ప్లగ్గు పెట్టి, రోట్లోని ముద్దంతా జారులోకి తోడి మీట తిప్పింది. పాత మిక్సీ, ఇల్లదిరిపోయింది. చూరు మీది పావురాలు లేచిపోయాయి. కీర్తిభాయ్ పెదాలు ఆడుతున్నాయి, చెయ్యి ఊపుతున్నాడు. పెళ్ళయిన నాటినుంచీ ఆయన మాట ఆమెకు వినబడకపోవడం ఇదే మొదలు. ముద్ద ఎప్పుడో మెత్తబడింది. అయినా ఆమె ఇంకాసేపు ఆపలేదు.

ఆపాక కొంగు ముడి విప్పి, పట్టీ తీసి చేతికి చుట్టుకుంటూ మామూలు గొంతుతోనే చెప్పింది.

“ఇకనుంచి నన్ను చూపించాలంటే రసీలా అరుగు మీద చూపించండి. అక్కడ ఖాళీగా ఉన్న పీట నాది.”