ఎడమ సీటు

రాజకుమారికి కావలసింది ఒక్కటే. ఆ ఎర్ర కారులో ఎడమ సీటు.

కారు ఆమె అన్న ఉదయ్‌ది. రెండే తలుపులు, రెండే సీట్లు, పొట్ట నేలకు ఆనించి పాకే స్పోర్ట్స్ కారు. విశాఖపట్నంలో అతను పనిచేసే మెకానిక్ షెడ్డులో అది మూలపడి ఉంటే, దాని యజమాని విసిగిపోయి, నువ్వే పట్టుకుపొమ్మని కాగితాలతో సహా ఇచ్చేశాడు. సుంకరమెట్ట అవతల ఉన్న వాళ్ల ఊరికి కారు లారీ ఎక్కి వచ్చింది. వచ్చిన రోజు ఊరంతా చుట్టూ చేరి, ఇందులో ఎంతమంది పడతారని అడిగింది. ఇద్దరని చెబితే జాలిపడింది. ఆ కొండల్లో ఒక్క జీపులో పదిహేను మంది పడతారు, పైన మేకలు వేరు.

ఈ ఆదివారం అనంతగిరి ఘాట్ రోడ్డు మీద కార్ల పందెం. పొద్దున్న పూట రోడ్డు మూసేసి, కార్లను ఒక్కొక్కటిగా పైకి వదులుతారు. ఆ వేళకు మంచు దట్టంగా ఉంటుంది, కారు ముక్కు దాటి ఏమీ కనబడదు. అందుకని డ్రైవరు పక్కన ఇంకొకరు కూర్చుని, రాబోయే మలుపు ఎడమకో కుడికో ముందుగా చెబుతూ ఉండాలి. ఆ కూర్చునే చోటే ఎడమ సీటు.

మలుపులన్నీ రాజకుమారికి కంఠతా వచ్చు. ఎస్.కోటలో ఇంటర్ చదువుతూ, సెలవు దొరికినప్పుడల్లా ఆ రోడ్డు మీదే బస్సులో వచ్చిపోతుంది. మిగతా పిల్లలు కబుర్లలో పడితే, ఆమె కిటికీ పక్కన కూర్చుని రోడ్డు చూసేది. అలా రోడ్డు ఆమెకు మిగిలిపోయింది.

వచ్చిన చిక్కల్లా గొంతుతోనే. ఆ పిల్ల మాట పక్కన కూర్చున్నవాళ్లకే సగం అందుతుంది. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు ఆమె పలుకుతుంది, లెక్చరరు మాత్రం ఆబ్సెంట్ వేసి ముందుకు పోతాడు. ఆమె లేచి అడగదు. దానికి తోడు ఇప్పుడు ఉదయ్ కారుకు మోత పెంచే కొత్త హెడర్లు వేస్తున్నాడు.

పని శుక్రవారం సాయంత్రమే మొదలైంది. ఇంటి ముందు పనసచెట్టు కింద కారును జాకీతో లేపి, నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టారు. బ్యాటరీ తీగ ఊడదీశారు. తుప్పు పట్టిన నట్ల మీద ఆయిల్ కొట్టి, తెల్లారేదాకా నానబెట్టారు. శనివారం ఉదయం ఉదయ్ కారు కిందకు దూరాడు. అతనితో షెడ్డులో పనిచేసే తరుణ్, ఎస్.కోట కుర్రాడు, పైనుంచి పానా తిప్పుతున్నాడు. రాజకుమారి నట్లను వరస తప్పకుండా ఒక చేటలో పెడుతోంది.

ఇంజన్ పక్కన పొగను బయటకు పంపే ఇనప ముద్ద ఒకటి ఉంటుంది. పాతది పగిలింది. దాని బదులు వేసేవే హెడర్లు. ఒక్కో సిలిండరుకు ఒక్కో పొడుగాటి స్టీలు గొట్టం, నాలుగూ మెలికలు తిరిగి కిందకు వచ్చి ఒకటిగా కలుస్తాయి. పొగ ఒకదాన్నొకటి తోసుకోకుండా సాఫీగా పోతుంది, ఇంజన్ ఘాట్ ఎక్కేటప్పుడు రొప్పదు.

నాయనమ్మ సోములమ్మ గుమ్మంలో కూర్చుని చాలాసేపు వాటినే చూసింది. ఆమెకు చెవులు సగం పనిచేయవు. కళ్లు మాత్రం పనిచేస్తాయి.

"ఏటిరా అయి, కోడి పేగుల్లాగున్నాయి?"

"కారు పేగులే నాయినమ్మా," అన్నాడు కారు కిందనుంచి ఉదయ్.

"ఆఁ?"

"పేగులూ!"

"మరి కడిగినారేట్రా?"

తరుణ్ పడీపడీ నవ్వాడు. నిజానికి ఉదయ్ వాటిని పొద్దున్నే స్పిరిట్‌తో తుడిచాడు. స్టీలు మీద చెయ్యి పడితే ఆ వేలిముద్ర వేడికి కాలి, ఇక ఎన్నటికీ పోదట. అందుకని నాయనమ్మ బొట్టు పెడతానంటే గొట్టాలకు కాకుండా ముందు టైరుకు పెట్టించాడు.

"ఒరే, ఇది పెట్టినాక ఎంత సౌండొత్తాదో మీ సెల్లికి సెప్పేవా?" అన్నాడు తరుణ్. "పక్కన బాంబు పేల్నా ఇనబడదు. ఈ గుంట నోరిప్పితే నాకిక్కడికే ఇనబళ్ళేదు, రేపు నీకేటినబడతాది? నన్ను కూకోబెట్టు."

 కారు కింద ఏదో నట్టు కదిలిన చప్పుడు వచ్చింది.

"ఇంజన్ స్టార్టు సేసినాక సూద్దాం," అన్నాడు ఉదయ్. "ఇద్దరూ కూకోండి. ఎవుల మాట నాకినబడితే ఆలే."

రాజకుమారి చేటలో నట్టు పెట్టింది. ఆమెకు ఈ ఒప్పందం న్యాయంగానే తోచింది. ఓడిపోతానని కూడా తోచింది.

పాత ముద్ద ఊడివచ్చేసరికి దాని వెనక ఉన్న గాస్కెట్ రెండు పొరలుగా చీలిపోయింది. గాస్కెట్ అంటే ఇంజన్‌కూ గొట్టాలకూ మధ్య పెట్టే పల్చటి రేకు, నాలుగు బెజ్జాలుంటాయి. అది లేకుండా బిగిస్తే పొగంతా సందుల్లోంచి తన్నుకొస్తుంది. కొత్తది ఉదయ్ ముందే తెప్పిస్తున్నాడు, విశాఖ బస్సులో వస్తోంది. కండక్టరు దాన్ని జంక్షన్‌లో సుక్రు టీకొట్టు దగ్గర ఇచ్చిపోతాడు. ఉదయ్ సుక్రుకు ఫోన్ చేశాడు.

సుక్రు టీకొట్టులో ఫోన్ ఎప్పుడూ చేతిలో ఉండదు. సిగ్నల్ తలెత్తు దాటాకే దొరుకుతుంది కాబట్టి, సంచిలో పెట్టి వెదురు గెడకు కట్టి ఉంచుతాడు. కింద నిలబడి పైకి చూస్తూ మాట్లాడతాడు. దేవుడితో మాట్లాడుతున్నట్టుంటుంది.

"సుక్రూ! బస్సులో పేకెట్టొత్తాది, మా గుంటొత్తాది. గాస్కెట్టిచ్చీ!"

"ఏటీ?"

"గాస్కెట్టిచ్చీ, గాస్కెట్టు!"

"సరే సరే!" అన్నాడు సుక్రు.

మధ్యాహ్నం రాజకుమారి నడిచి జంక్షన్‌కు వెళ్లింది. సుక్రు గ్లాసులు కడుగుతున్నాడు. టీకొట్టు బల్ల మీద నలుగురు కూర్చుని ఉన్నారు. ఆమె వాళ్ల వైపు చూడకుండా బల్ల పక్కన నిలబడింది. అడిగింది. సుక్రుకు వినబడలేదు. మళ్లీ అడిగింది.

"పేకెట్టా? ఇచ్చీసినాను కదమ్మా."

"ఎవులికి?"

"గాసికి. మీ అన్నియ్యే కదేటి, గాసికిచ్చీ, గాసికిచ్చీ అని గెడ కదిలిపోయేలా అరిసినాడు? ఉప్పుకని దిగినాడు గాసి, ఆడి సేతిలో పెట్టీసినాను."

బల్ల మీది నలుగురిలో ఒకడు ముందు అర్థం చేసుకున్నాడు. "ఓర్నీ, గాస్కెట్టురా! గాసికి కాదు!" అన్నాడు. అక్కడినుంచి నవ్వులు మొదలయ్యాయి. రాజకుమారికి నవ్వు రాలేదు. గాసి ఎదుటి కొండ అవతల గూడెంలో ఉంటాడు. కొండ శిఖరం దాటితే ఇక ఊరు చేరేదాకా ఆగడు, మళ్లీ సంతకు గానీ దిగడు. అక్కడ ఏ గెడకు కట్టినా ఫోన్ మోగదు. గాస్కెట్ లేకపోతే కారు స్టాండ్ల మీంచి దిగదు.

"ఎంతసేపైంది మావా?"

"అదిగో, ఎక్కతన్నాడు సూడు."

లోయలో పారే గెడ్డ అవతల, కొండవాలు మీద కావిడి మోసుకుంటూ ఒక మనిషి చీమంత కనబడుతున్నాడు. శిఖరానికి ఇంకెంతో దూరం లేదు.

ఆ కొండల్లో పిలిచే పద్ధతి ఒకటుంది. దానిలో మాటలుండవు. మాటలు పంపితే గెడ్డ దాటకముందే విరిగిపోతాయి. గొంతును అట్టడుగునుంచి తీసి, పైకెక్కించి, నూలుపోగులా సన్నం చేసి, చివర తోక వదలాలి. రాగులు పండే చోడి చేనుకు పిట్టలు పడే కాలంలో పిల్లలంతా మంచెలెక్కి ఇలాగే కేకలు వేసుకుంటారు. రాజకుమారి కూడా చిన్నప్పుడు అన్నతో కలిసి ఒక మంచె కాసింది. తాను పల్లపు మంచె మీద, అన్న మెరక మంచె మీద. మంచె మీద మొహాలుండవు, చేను మాత్రమే ఉంటుంది. అక్కడ ఆమెకు ఎప్పుడూ సిగ్గు వెయ్యలేదు.

ఇక్కడ మాత్రం వెనకాల బల్లనిండా మొహాలున్నాయి.

ఆమె టీకొట్టు వైపు వీపు తిప్పింది. రోడ్డు దాటి, గెడ్డ వైపు పొడుచుకొచ్చిన బండ మీదకెక్కింది. కొండ తప్ప ఇంకేదీ కనబడకుండా నిలబడి, చెంపకు చెయ్యి ఆనించింది.

ఆ కేక పొడుగ్గా వెళ్లింది. గెడ్డ దాటింది. వాలు మీది చీమ ఆగింది. ఆమె రెండోసారి కేక వేసి చివరి తోక కిందకు వంచింది. ఆగమని దానర్థం. చీమ కావిడి దించింది. అవతలినుంచి పలచగా జవాబు వచ్చింది.

బల్ల మీద నవ్వులు ఆగిపోయాయి. సుక్రు చేతిలో గ్లాసు పట్టుకుని బయటకొచ్చి, "ఇది ఉదయ్ సెల్లేనా?" అన్నాడు. అప్పటికే ఆమె గెడ్డలో రాళ్ల మీద అడుగులేస్తోంది.

గాసి రాయి మీద కూర్చుని బీడీ వెలిగించాడు. పొట్లం విప్పేసి ఉంది. గాస్కెట్ ఎండలో మెరుస్తోంది.

"ఏటమ్మా ఇది, నాకెవుడు పంపినాడు? ఇడ్డిలీల రేకనుకున్నాను. నాలుగిడ్డిలీలకి సరిపోతాది. మరి అడుగేదీ? పిండి జారిపోదా?"

రాజకుమారికి అప్పుడు నవ్వొచ్చింది. "ఇడ్డిలీలకి కాదు మావా, కారుకి. పేరు తప్పుగా ఇనబడ్డాది."

"కారుకా?" గాసి రేకును ఇటూ అటూ తిప్పి చూసి, కొంచెం చిన్నబోయాడు. "పేరెట్టి ఇచ్చినారు గదాని తెచ్చీసేను. తీసుకెల్లు తల్లీ. మా ఆడదానికి సెప్పకు, ఇడ్డిలీల రేకు పోయిందని ఏడుత్తాది."

ఆమె ఇల్లు చేరేసరికి పనసచెట్టు నీడ ఇంటిగోడ ఎక్కింది. ఏమైందని ఉదయ్ అడిగితే, "గాసి మావ కాడికెల్లిపోయింది," అని మాత్రం చెప్పింది. 

సిలిండర్ల మూతుల్లో కుక్కిన గుడ్డపీలికలన్నీ ఉదయ్ ఒక్కొక్కటిగా లాగేశాడు. ఒకటి లోపల మర్చిపోతే ఇంజన్ ఊపిరాడక దగ్గుతుంది. గాస్కెట్ పెట్టారు. హెడర్లను కిందనుంచి పైకి దూర్చారు. అవి ఒక పట్టాన లోపలికి వెళ్లలేదు. కూజాలో చెయ్యి ఇరుక్కున్న కోతిలా ఉందని తరుణ్ విసుక్కున్నాడు. ముందు నట్లన్నీ చేత్తోనే ఎక్కించి, ఆ తర్వాత మధ్యవాటినుంచి అంచుల వైపు, అటొకటి ఇటొకటి పానాతో బిగించారు. ఒకవైపే బిగించుకుంటూ పోతే రేకు వంకర తిరుగుతుంది. సెన్సారు తీగ గొట్టానికి తగలకుండా కట్టారు. బ్యాటరీ తీగ మళ్లీ తగిలించి, కారును దించారు.

ఉదయ్ తాళం తిప్పాడు.

మొదట పొగ వచ్చింది. గొట్టాల మీద మిగిలిన నూనె మరక కాలుతోందంతే, భయం లేదన్నాడు. పొగ వెనకాలే చప్పుడు వచ్చింది. కోళ్లు గాదె కిందకు దూరాయి, కుక్క మంచం కిందకు దూరింది. పనసాకులు వణికాయి. తరుణ్ సంతోషంతో చేతులు ఊపుతూ ఏదో అంటున్నాడు, అది ఎవరికీ వినబడలేదు.

ముందు తరుణే ఎక్కాడు. ఉదయ్ స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా చూస్తూ యాక్సిలరేటరు తొక్కాడు. తరుణ్ మెడనరాలు బిగించి అరిచాడు.

"ఎడం! ఎడం! కుడీ!"

"ఏటీ?"

"కుడీరా!"

"గుడా?"

తరుణ్‌ది బొంగురు గొంతు. ఇంజన్‌దీ బొంగురే. రెండూ కలిసిపోయాయి. ఇంకాసేపు అరిచి, దగ్గుతూ దిగాడు. "నా వల్లే కాలేదు. ఈ గుంట వల్లవుతాదేటి?" అని ఆమె మొహం మీదే నవ్వాడు.

రాజకుమారి ఎక్కింది. సీటు నేలకు ఆనుకుని ఉంది, అద్దంలోంచి పనసచెట్టూ దాని వెనక చోడి చేనూ కనబడుతున్నాయి. ఆమె "ఎడమ" అంది. ఉదయ్ కదలలేదు. "కుడి" అంది. ఉదయ్ కొంచెంగా తల ఆమె వైపు తిప్పాడు, వినలేదని అర్థమైంది. కిటికీ బయట తరుణ్ తన చెవి మీద తట్టుకుని చూపించాడు.

ఆమె అన్న మొహం చూడడం మానేసింది. తరుణ్‌ను కూడా చూడలేదు. ఆ సీటులో కూర్చున్నవాళ్లు ఎవరి మొహమూ చూడక్కర్లేదు, ఎదురుగా చూస్తే చాలు. ఎదురుగా చేను ఉంది.

మంచెలు కాసిన రోజుల్లో అన్నాచెల్లెళ్లకు ఒక గుర్తుండేది. పిట్టలు ఎడమగట్టు మీద వాలితే ఒకటే పొడుగు కేక. కుడిగట్టు మీదైతే రెండుగా తెంపిన కేక. కేక చివర ఎంత పైకి లేస్తే అంత దగ్గరకొచ్చినట్టు.

రాజకుమారి చెంపకు చెయ్యి ఆనించింది.

పొడుగు కేక ఇంజన్ మోత మీదుగా, నీళ్ల మీద నూనెలా తేలిపోయింది. ఆగి ఉన్న కారులో ఉదయ్ చేతులు స్టీరింగ్‌ను ఎడమకు తిప్పేశాయి. అతను ఆలోచించలేదు, చేతులే తిప్పాయి. ఆమె కేకను రెండుగా తెంపింది. కుడికి తిప్పాడు. మళ్లీ తెంపి, చివర బాగా పైకి లేపింది. అతను స్టీరింగ్‌ను కుడికి ఆ చివరిదాకా తిప్పేశాడు. అప్పుడు గానీ తానేం చేస్తున్నాడో అతనికి తెలియలేదు. చెల్లెలి వైపు తిరిగి చూశాడు. 

ఇంట్లోంచి సోములమ్మ చీపురుకట్ట ఎత్తుకుని వచ్చింది. కారునూ పొగనూ గుమ్మం పక్కన నిలబడ్డ తరుణ్‌నూ దాటుకుని తిన్నగా చేను గట్టుకు వెళ్లి, అటూ ఇటూ చూసింది. ఉదయ్ ఇంజన్ ఆపాడు.

"ఏవే గుంటా," అని అక్కడినుంచే అరిచింది, "ఎడంపక్కా అన్నావు, కుడిపక్కా అన్నావు, ఒక్క పిట్టా నేదు. ఏటే ఈ కేకలు?"

 తరుణ్ నేల మీది పానా తీసి పెట్టెలో వేశాడు.

"ఒరే తరుణూ," అన్నాడు ఉదయ్, "రేపు నువ్వు ఘాట్ పైన, పందెం ముగిసే గేటు కాడుండు. ఫోటోలు తియ్యి."

"తీత్తాన్లే," అన్నాడు తరుణ్. పెట్టె మూసి, "ఆ కేకలు నాకూ నేర్పుతావేటే?" అని రాజకుమారిని అడిగాడు.

ఆమె ఏదో చెప్పింది. అతనికి వినబడలేదు. ఆమె మళ్లీ చెప్పలేదు, సీటు బెల్టు ఎక్కడ తగిలించాలో వెతుక్కుంటోంది.